సీఆర్‌పీ 4.2 వస్తే గుండెలో ఎన్ని బ్లాకులున్నట్టు?

మీ నాన్నగారి రిపోర్టులో, ఒంట్లో లోలోపలి వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) సూచించే హెచ్‌ఎస్-సీఆర్‌పీ అనే రక్తపరీక్ష 4.2 అని వచ్చిందనీ, ఆ అంకెను బట్టి గుండె నాళాల్లో అడ్డంకులు ఎంత ముదిరాయో చెప్పవచ్చునా అనీ అడిగారు. చెప్పలేము. నేను వైద్యుణ్ణి కాను. గుంటూరులో ముప్పై రెండేళ్లు డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం బోధించి విశ్రాంత జీవితం గడుపుతున్నవాణ్ణి. అయినా ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అది మా బావగారి పుణ్యమా అని ఏర్పడింది.

మా బావగారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. అప్పటికి ఆయన వయసు అరవై ఒకటి; పదేళ్లుగా మధుమేహం ఉంది, కొలెస్ట్రాల్ మాత్ర కూడా వేసుకుంటున్నారు. సీజను ఊపందుకుంటే ఆరోగ్యం చూసుకునే తీరిక ఉండదని, ఫిబ్రవరి మొదట్లో ఒక ల్యాబు వారి ‘హార్ట్ ప్యాకేజీ’ చేయించుకున్నారు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 78, సీఆర్‌పీ 0.8, హోమోసిస్టీన్ అనే మరో అంకె కూడా మామూలే. ఆ రిపోర్టును ఫోనులో పెట్టుకొని, పరామర్శించిన వారికీ పరామర్శించని వారికీ చూపించారు. సరిగ్గా పందొమ్మిదో రోజు ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) పక్కన నిలబడి ఉండగా ఎడమ దవడ కింద నొప్పి మొదలై భుజంలోకి దిగింది. ఆయన గ్యాసు అన్నారు. గుమస్తా పరుగున సోడా తెచ్చాడు. నేను బ్రాడీపేట నుంచి వెళ్లి కారులో కూర్చోబెట్టుకునే సరికి ఆయన తెల్లచొక్కా చెమటకు తడిసి, దాని మీది మిరప ధూళి ఎర్రటి చారలుగా కారుతోంది.

కొత్తపేటలోని ఆ ఆసుపత్రిలో నర్సు ఆ చారలను చూసి ముందు రక్తమే అనుకుంది. ఈసీజీ బిళ్లలు ధూళి వల్ల ఛాతీకి అంటుకోలేదు. ఆమె తడి దూదితో తుడిస్తే దూది ఎర్రబడింది, ఒళ్లంతా మంట పుట్టింది, గుండె నొప్పికి కిక్కురుమనని మా బావగారు ఆ మంటకు మాత్రం వార్డు దద్దరిల్లేలా అరిచారు. ఈసీజీలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. ఏడు గంటల పది నిమిషాలకు తీసిన రక్తంలో, గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ 9 వచ్చింది. ఆ ల్యాబులో పురుషులకు హద్దు 34. డ్యూటీలో ఉన్న డాక్టరు కాగితం చూసి, అంతా నార్మల్‌గా ఉంది కాబట్టి గ్యాసు మాత్ర వేసుకొని ఇంటికి వెళ్లవచ్చునన్నారు. ఇప్పటికీ నాకు ఆయన మీద కోపం తగ్గలేదు. ఆయన చూసింది అంకెను మాత్రమే, గడియారాన్ని చూడలేదు.

గడియారం చూసింది పక్కనే ఉన్న, పీజీ చదువుతున్న ఒక డాక్టరమ్మాయి. ఆ రక్తం తీసేసరికి నొప్పి మొదలై గంట కూడా కాలేదనీ, మూడు గంటలాగి మరోసారి రక్తం తీయకుండా పంపకూడదనీ ఆమె పట్టుబట్టింది. “ఒకసారి తీసిన రక్తం చాలదా అమ్మా? అక్కడ కాటా ఆగిపోయింది” అని బావగారు విసుక్కున్నారు. “మీ కాటా కన్నా ఇది ముఖ్యమండీ” అని ఆమె కదలకుండా అక్కడే నిలబడింది. పది గంటల పావుకు తీసిన రెండో నమూనాలో ట్రోపోనిన్ 212.

ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే పదార్థం. కండరం దెబ్బతిన్నాక అది రక్తంలో కొలవదగినంతగా చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. చేరిన తరువాత వారం, పది రోజుల వరకు ఉండిపోవచ్చు. అందువల్ల ఒక్క కొలతకన్నా రెండు కొలతల మధ్య ఎక్కుదలకే విలువ ఎక్కువ. పైగా ఆ అంకె కండరం ఎంత దెబ్బతిన్నదో చెబుతుంది గానీ నాళం ఎంత మూసుకుపోయిందో చెప్పదు. తొంభై శాతం మూసుకుపోయినా కండరానికి ఇంకా దెబ్బ తగలని మనిషిలో ట్రోపోనిన్ మామూలుగానే ఉండవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో గుండెపోటు లేకుండానే అది పెరిగి ఉండవచ్చు.

మరునాడు మణికట్టు దగ్గరి ధమని నుంచి గొట్టం పంపి, గుండె నాళాల్లోకి మందు వదిలి ఎక్స్‌రేలో చూసే యాంజియోగ్రామ్ చేశారు. దానికి సంతకం పెట్టేముందు మా అక్కయ్య, ఇంత రక్తం తీశారు కదా, అందులో తెలియదా అని అడిగితే బావగారే సమాధానం చెప్పారు: “టిక్కీ కోయకుండా లోపల తాలుకాయ (నాసిరకం కాయ) ఎంతుందో ఎట్లా తెలుస్తుందే? చూడనీ.” లోపల చూస్తే ఎడమ వైపు ముందుకు దిగే పెద్ద నాళంలో మొదట్లోనే తొంభై శాతం, కుడి నాళంలో ఎనభై, మూడోదానిలో డెబ్బై. సింటాక్స్ స్కోరు 29 అన్నారు. అడ్డంకులు ఎన్ని, ఎక్కడ, ఎంత చిక్కుగా ఉన్నాయన్న వివరాలకు మార్కులు వేసి కూడితే వచ్చే లెక్క అది. 22 వరకు తక్కువ, 33 నుంచి ఎక్కువ, నడుమ మధ్యస్థం. మధుమేహం ఉంది, మూడు నాళాలూ చెడ్డాయి కనుక స్టెంట్ల కన్నా బైపాసే మేలని తేల్చి ఆపరేషన్ చేశారు. సీఆర్‌పీ 0.8 ఉన్న మనిషి సంగతి ఇది.

నా సంగతి ఇందుకు తిరగబడింది. భయపడి నేనూ అదే ప్యాకేజీ చేయించుకుంటే సీఆర్‌పీ 14 వచ్చింది. రెండు రాత్రులు నిద్రపోలేదు. విజయవాడ సూర్యారావుపేటలో ఒక హృద్రోగ నిపుణుణ్ణి కలిస్తే, ఆయన గుండె మీద స్టెతస్కోపు పెట్టిన తరువాత నోరు తెరవమన్నారు. చిగురు వాచి చీము పట్టి ఉంది. 10 దాటితే ముందు ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షన్ ఉందేమో వెతకాలని చెప్పారు. పన్ను పీకించుకున్న మూడు వారాలకు అది 1.6కు దిగింది, నా పోరు పడలేక తీయించిన సీటీ యాంజియోలో (గుండె నాళాల స్కాన్‌లో) నాళాలు శుభ్రంగా ఉన్నాయి. రెండు ఉదాహరణలతో సిద్ధాంతం కట్టకూడదని ముప్పై రెండేళ్లు పాఠం చెప్పినవాణ్ణి నేనే. అయినా ఈ రెండింటితో నేను కట్టేశాను.

సీఆర్‌పీ ఒంట్లో వాపుకు గుర్తు. 1 కన్నా తక్కువైతే ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అంటారు. కానీ ఆ ముప్పు మున్ముందు గుండెపోటు వచ్చే అవకాశానికి సంబంధించినది, ఇప్పుడున్న పూడిక కొలతకు కాదు. ఎల్‌డీఎల్ 130 లోపే ఉన్నా సీఆర్‌పీ 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న 17,802 మందిపై జరిగి 2008లో వెలువడిన జూపిటర్ అధ్యయనంలో, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన రోసువాస్టాటిన్ వాడినవారికి గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గాయి. మందు ఎవరికి మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి అటువంటి అంకె పనికి వస్తుంది. మీ నాన్నగారి 4.2 జలుబు వల్లనో, మోకాళ్ల వాపు వల్లనో, స్థూలకాయం వల్లనో వచ్చి ఉండవచ్చు. ఒంట్లో బాగున్నప్పుడు, రెండు వారాల ఎడంతో మరోసారి చేయించి ఆ రెండింటినీ వైద్యునికి చూపండి. నడిస్తే ఆయాసమో, ఛాతీ బరువో ఉంటే మాత్రం ఈ అంకెల కోసం ఆగవద్దు.

అయితే సీఆర్‌పీ, యూరిక్ యాసిడ్, న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి (రెండు రకాల తెల్లరక్తకణాల నిష్పత్తి) వంటివి సింటాక్స్ స్కోరుతో పాటు పెరుగుతాయని చూపిన పరిశోధనలు లేవా అంటే, ఉన్నాయి. అక్కడే నా వృత్తి అడ్డు తగులుతుంది. ఆ పరిశోధనలు చెప్పేది సగటు. ఎ సెక్షన్ సగటు 62, బి సెక్షన్ సగటు 55 అనుకోండి. ఈ రెండూ నిజంగా వేరువేరని నేను గణితపరంగా నిరూపించగలను. కానీ 58 వచ్చిన ఒక పిల్లవాణ్ణి తెచ్చి వీడు ఏ సెక్షనో చెప్పమంటే చెప్పలేను, ఎందుకంటే 58 వచ్చినవాళ్లు రెండు సెక్షన్లలోనూ ఉంటారు. మీ నాన్నగారు ఆ 58 మార్కుల పిల్లవాడు.

ప్యాకేజీల వాళ్లపై నా ఫిర్యాదు ఇదే: హద్దు దాటిన ప్రతి అంకెనూ నల్లగా అచ్చువేసి పక్కన నక్షత్రం పెడతారు గానీ, ఆ అంకె దేన్ని చెప్పదో ఒక్క ముక్క రాయరు. బావగారి ఎల్‌డీఎల్ 78 మాత్ర వేసుకోగా వచ్చిన 78; నాళంలో పూడిక అంతకు ముందు ఇరవై ఏళ్లలో చేరింది. ఆ ఎల్‌డీఎల్ కూడా చాలా రిపోర్టుల్లో నేరుగా కొలిచినది కాదు, మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌నూ (మంచి కొలెస్ట్రాల్‌నూ), ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుల్లో అయిదో వంతునూ తీసివేసి కట్టిన లెక్క. 1972లో వచ్చిన ఆ సూత్రం ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పనిచేయదు. ఈ సంగతి చెప్పినందుకు మా వీధి చివరి ల్యాబు కుర్రవాడు నన్ను చూస్తే తప్పుకొని తిరుగుతున్నాడు.

ఇన్ని మాటలన్నా నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసే రక్తపరీక్ష ఒకటి ఉంది, అది ఆ ప్యాకేజీలో లేదు: ఎల్‌డీఎల్‌ను పోలిన కొవ్వు రేణువును కొలిచే లైపోప్రోటీన్-ఎ. ఇది ప్రధానంగా పుట్టుకతో వచ్చేది, జీవితమంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కనుక చాలామందికి ఒక్కసారి చేయిస్తే చాలు. డెసీలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు పెరిగినట్టు లెక్క. పథ్యానికీ, నడకకూ, స్టాటిన్ మాత్రలకూ అది లొంగదు. బైపాస్ అయ్యాక బావగారికి చేస్తే 96 వచ్చింది. పిల్లలకు కూడా చేయించమన్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి 88. వాడికి ముప్పై ఒకటి, సిగరెట్టు కూడా ముట్టడు. రిపోర్టు రాగానే ఫోను చేసి, “మామయ్యా, ఇంతకీ నాకు ఎన్ని బ్లాకులున్నట్టు?” అని అడిగాడు. మీరు అడిగినదీ అదే కనుక వాడికి చెప్పినదే రాస్తున్నాను: ఒక్కటీ లేకపోవచ్చు, ఆ కాగితానికి అది తెలియదు, ఎల్‌డీఎల్, బీపీ, చక్కెర ఇక మీదట మిగతావాళ్లకన్నా తక్కువలో ఉంచుకోమని మాత్రమే అది చెబుతోంది. వాడు వచ్చే శనివారం డాక్టరు దగ్గరికి వెళుతున్నాడు, వాళ్ల నాన్న రిపోర్టులన్నీ వెంట తీసుకొని.