కొన్న గేమ్ డిస్కుకు సొంత నకలు తీసుకోవచ్చా?

ఏళ్ల కిందట సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న గేమ్ సీడీ గీతలు పడుతోంది, నకలు తీసి దాచుకోవచ్చా అని అడిగారు. తీసుకోవచ్చు, ఆలస్యం చేయకండి. ప్రోగ్రామును చట్టబద్ధంగా పొందినవారు, అది పాడవుతుందేమోనన్న ముందుజాగ్రత్తతో నకలు తీసుకోవడం ఉల్లంఘన కాదని 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. ఆ నకలును మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి.

ముందు డిస్కును దీపానికి ఎదురుగా పట్టి చూడండి. అందరూ మెరిసే వైపు గీతలకే భయపడతారు. నిజానికి సీడీలో సమాచారం ఉండే పొర, పేరు అచ్చయిన వైపు పలుచని పూత కిందే ఉంటుంది. అక్కడ సూదిమొనంత వెలుగు కనిపించినా ఆ భాగం పోయినట్టే. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా వద్దు.

ఫైళ్లను మాత్రమే కాపీ చేస్తే చాలదు. ఐఎంజీబర్న్ వంటి ఉచిత ప్రోగ్రాముతో డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే డిస్కులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టే దింపిన ఫైలుగా చదివించండి. సీడీ అయితే సాధారణంగా 700 ఎంబీ దాకా ఉంటుంది. సంగీతం ఆడియో ట్రాకులుగా ఉన్న పాత గేములకు ఐఎస్ఓ అనే మామూలు ఇమేజ్ ఫైలు పనికిరాదు, బిన్ (సమాచారం), క్యూ (ట్రాకుల వివరం) ఫైళ్ల జంట కావాలి. విండోస్ 8 నుంచి ఐఎస్ఓను రెండుసార్లు నొక్కితే డ్రైవ్‌లా తెరుచుకుంటుంది.

అసలు చిక్కు సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ అనే, నకళ్లను అడ్డుకునే రక్షణ ఉన్న డిస్కులతోనే. మామూలు నకలును ఆ గేములు సాధారణంగా ఒప్పుకోవు. పైగా సేఫ్‌డిస్క్‌కు కావలసిన డ్రైవరు అనే సహాయక ప్రోగ్రాము విండోస్ 10లో లేదు కాబట్టి అసలు డిస్కు పెట్టినా చాలా గేములు నడవవు. అలాంటి గేము ఆన్‌లైన్‌లో రక్షణ లేని రూపంలో అమ్మకానికి ఉంటే అదే కొనుక్కోండి.