వానొస్తుందో రాదో తెలీని రేసుకి పోతున్న మా అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ, రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట నీ గురించే చెప్పింది, అన్నం ముందు కూర్చుని కూడా ఫోన్లో మబ్బులే చూస్తున్నాడు తమ్ముడూ నువ్వైనా చెప్పు అని. నీ కొండ సైకిల్ రేసు ఇంకా 18 రోజులుంది కదరా. 18 రోజుల తర్వాత మారేడుమిల్లి కొండల్లో వాన పడుతుందో లేదో ఇవాళ చెప్పగలిగేవాడు ఎవడూ లేడు, యాప్ లో 14 రోజులకీ బొమ్మలేస్తారు గానీ నాలుగైదు రోజులు దాటాక అది జాతకం చెప్పించుకున్నట్టే. అందులోనూ కార్తీకం, బంగాళాఖాతంలో ఏది ఎప్పుడు పుట్టి ఎటు తిరుగుతుందో తెలీని నెల. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫాను చూసినోణ్ణి నేను, తెల్లారేసరికి తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్లు వేళ్ళ మీద లెక్కెట్టుకున్నాం, ఆ తర్వాత ఎన్నోసార్లు ఇదిగో వచ్చేస్తుంది అన్నవి ఒరిస్సా వైపు పోయాయి, మనకి చినుకు లేదు.

మా నాన్న ఏం చేసేవాడో నీకు తెలీదు, నువ్వు పుట్టేటప్పటికే చేలు కౌలుకిచ్చేశాం. కోత కోసి పనలు చేలో ఉండగా రేడియోలో వాయుగుండం అన్నాడంటే ఊళ్ళో సగం మంది అరుగుల మీద కూర్చుని వస్తుంది రాదు అని వాదించుకునేవాళ్ళు. ఆయన మాత్రం తాళ్ళు, బరకాలు తీసి ఓ పక్కన పెట్టి, మనుషులకి ముందే మాట చెప్పి, రేపు మధ్యాహ్నం దాకా చూద్దాం, అప్పటికి ఈశాన్యం గాలి ముదిరితే కుప్పేసేద్దాం, లేదంటే ఎండనిద్దాం అని ఓ టైం పెట్టుకుని నిద్రపోయేవాడు. నువ్వూ అంతే చెయ్. వానకీ ఎండకీ రెండింటికీ సామాను ఇప్పుడే తెచ్చి పెట్టుకో, ఏది వాడాలో రేసు ముందు రోజు సాయంత్రం 6 లోపు తేల్చి బిగించెయ్, 6 దాటాక సైకిల్ ముట్టుకోకు.

ముట్టుకోకు అని ఎందుకు అంటున్నానంటే నేను ముట్టుకున్నాను కాబట్టి. వైజాగ్ లో ఉద్యోగం చేసే రోజుల్లో, నాకు 44 ఏళ్ళు, ఓ రేసుకి ముందు రోజు రాత్రి టీవీలో తుఫాను తుఫాను అంటుంటే భయమేసి 11 గంటలప్పుడు రెండు టైర్లూ ఊడబీకి బురద టైర్లు ఎక్కించా, చేతి పంపుతో ట్యూబ్‌లెస్ టైరు రిమ్ముకి కూర్చోలేదు, ఒంటిగంటన్నరకి విసుగెత్తి ట్యూబులు పెట్టేశా. పొద్దున్న లేచి చూస్తే చక్కటి ఎండ. దమ్ము చేసే ఇనప కేజ్ వీల్స్ తో తారు రోడ్డెక్కిన ట్రాక్టర్ లా అయింది నా పని, రాళ్ళ మీద రెండు పంక్చర్లు, చివరి నుంచి మూడోవాణ్ణి.

అందుకే టైర్ల విషయంలో నా మాట విను, వాతావరణం అనుమానంగా ఉన్నప్పుడు ముందు టైరు పట్టు కోసం వెయ్, అంటే ఎత్తు బుడిపెలు ఎడంగా ఉన్నది, వెనక టైరు మామూలుది ఉంచెయ్. ముందు చక్రం జారితే మనిషి కింద ఉంటాడు, వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. నీ 68 కేజీలకి ట్యూబ్‌లెస్ ఐతే ముందు 22, వెనక 24 పీఎస్ఐ దగ్గర మొదలెట్టి ఈ రెండు వారాల్లో నీకు సరిపోయేది చూసుకో, వానైతే దాన్నుంచి ఒకటిన్నర రెండు తగ్గించు, అంతకంటే వద్దు. టైర్లో చిల్లులు పూడ్చే సీలెంట్ ఎప్పుడు పోశావో గుర్తుందా, మన ఎండలకి రెండు మూడు నెలల్లో పెచ్చులు కట్టేస్తుంది, ఓసారి విప్పి చూడు.

బ్రేకుల దగ్గర మాత్రం కాస్త నిదానంగా చదువు. ఆ మరుసటి ఏడు నేను ఎండ అనుకుని మామూలు రెజిన్ ప్యాడ్లతోనే వెళ్ళిపోయా, అవి మెత్తగా పడతాయి, చప్పుడుండదు, పొడి దారిలో బానే ఉంటాయి. గంటలో వాన అందుకుంది. ఇసక కలిసిన ఎర్ర నీళ్ళు డిస్కు మీద పడుతూ ఉంటే ప్యాడు సాన మీద పెట్టినట్టు అరిగిపోద్ది, లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే నాకు అర్థం కాలేదు, చివరి దిగుడులో ఇనుము ఇనుము రాసుకున్న చప్పుడు, ఇక కాలు నేలకి ఆన్చి దిగా, షూ సోల్ పోయింది, పళ్ళూడలేదు అదే పదివేలు. వానకి మెటల్ ప్యాడ్లు పెట్టు, కుయ్యోమని అరుస్తాయి, అరవనీ. కానీ కొత్తవి వేసి నేరుగా రేసుకి వెళ్ళకు, ముందు వాటిని డిస్కుకి అలవాటు చెయ్యాలి, ఖాళీ రోడ్డు మీద 25 స్పీడులో వచ్చి చక్రం బిగుసుకోకుండా నడక స్పీడు దాకా తగ్గించడం, ఇలా ఓ ఇరవైసార్లు. ఇంకోటి, తలకి కొబ్బరినూనె పట్టించుకున్న చేతుల్తో ఆ డిస్కు ముట్టుకోకు నాయనా, నీ అలవాటు నాకు తెలుసు.

చైనుకి వేసే నూనె వానైతే వెట్ లూబ్, పొడైతే డ్రై లూబ్, రెండు చిన్న బాటిల్స్ ఉంచు, ఏది వేసినా ముందు రోజు ఆ 6 లోపే వేసి పైపైన గుడ్డతో తుడిచెయ్. వెనక గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క, గేర్ హ్యాంగర్, నీ సైకిల్ మోడల్ కి సరిగ్గా సరిపోయేది ఒకటి, తెగిన చైను కలిపే క్విక్ లింక్ ఒకటి జేబులో ఉండాలి, ఇవి కొండ మీద ఏ కొట్లోనూ దొరకవు.

బురద సంగతి మనకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. దమ్ము చేసిన చేలో నీళ్ళుండగా కాలు వచ్చేస్తుంది, నీళ్ళు తీసేసి రెండు రోజులాగితే చూడు, మోకాలి దాకా పట్టుకుని వదల్దు. దారి కూడా అంతే, జోరుగా వాన పడుతున్నప్పుడు బురద పల్చగా ఉండి కడుక్కుపోద్ది, వాన ఆగి ఎండ కాసిన గంట తర్వాతే అసలు తంటా, ఫ్రేముకీ టైరుకీ మధ్య రుబ్బు పెట్టి నింపినట్టు అయిపోద్ది. అప్పుడు బలం కొద్దీ తొక్కితే హ్యాంగర్ విరుగుద్ది. దిగు, పుల్లతో గీకు, వంద గజాలు మోసుకెళ్ళు, తొక్కేవాడి కంటే ముందే ఉంటావు.

ప్రాక్టీసుకి కొండల్లేవని ఏడవకు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఏటిగట్టు మీద గాలికి ఎదురు పెద్ద గేరులో 20 నిమిషాలు కూర్చుని తొక్కు, అదే నీ కొండ. బోడసకుర్రు బ్రిడ్జి తెల్లారుజామున లారీలు మొదలవకముందు పదిసార్లు ఎక్కి దిగు. దిగుడు మాత్రం ఇక్కడ నేర్చుకోలేవు, ఒక ఆదివారం ఘాట్ కి వెళ్ళాల్సిందే. తడిసిన చెట్ల వేళ్ళ మీద జారకుండా ఉండడానికి తోటలో నీళ్ళు పెట్టిన రోజు నాలుగు కొబ్బరిమట్టలు అడ్డంగా పడేసి వాటి మీంచి పో, ఏటవాలుగా కాకుండా తిన్నగా దాటాలి, దాటేటప్పుడు బ్రేక్ పట్టకూడదు, ఒకసారి పడితే నీకే తెలుస్తుంది ఎందుకో.

తిండి పెద్ద విషయం కాదు, గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి, ఒక అరటిపండు పాతిక గ్రాముల దాకా ఇస్తుంది, మీ అమ్మ చేసే కొబ్బరి లౌజు ఓ రెండు. పూతరేకులు జేబులో పెట్టుకోకు, వాన తగిలితే మిగిలేది బెల్లం నీళ్ళే. వానలో దాహం వెయ్యదు, కానీ చెమట పోతూనే ఉంటుంది, అందుకని టైం చూసుకుని తాగు.

చివరి మూడు రోజులు మాత్రం ఫోన్ చూడు, కాకపోతే అమలాపురం కాదు, మారేడుమిల్లి పెట్టుకుని చూడు, రాడార్ బొమ్మ చూడు, వాతావరణ శాఖ మూడు గంటలకోసారి ఇచ్చే సూచన చూడు. పిడుగులకి దామిని యాప్ వేసుకో. ఉరిమితే చెట్టు కిందకి పోవద్దు, కొబ్బరిచెట్టు మొవ్వు మాడిపోవడం చిన్నప్పట్నించీ చూస్తూనే ఉన్నావుగా. వాగు నీళ్ళు ఎర్రగా మారి పైకొస్తుంటే వెనక్కి తిరుగు, ముందు ఎవడు దాటాడన్నది చూడకు. ఎంట్రీ ఫీజు పోతే నేనిస్తా.

మెటల్ ప్యాడ్లు రెండు జతలు నా దగ్గర ఉన్నాయి, నీ బ్రేకుకి సరిపోతాయో లేదో పాతది ఒకటి పట్టుకొస్తే పక్కన పెట్టి చూద్దాం. ఆదివారం రా, వెనక చక్రం కూడా విప్పుకుని రా, మొన్న తిప్పి చూస్తే కొంచెం వంకర ఉంది, బెండ్ తీసేద్దాం. వచ్చేటప్పుడు అక్కని ఆ లౌజు ఇప్పుడే ఓ డబ్బా చేసి పంపమను, రేసు దాకా ఆగలేను.

మీ మావయ్య