పంట వ్యర్థాల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. గ్రీన్ సాల్వెంట్లతో, అంటే పర్యావరణానికి తక్కువ హాని చేస్తూ పదార్థాలను కరిగించే ద్రవాలతో, పంట వ్యర్థాల నుంచి విలువైన పదార్థాలు తీయడం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఊక, గడ్డి మీద ఇన్నేళ్లు పెడితే తర్వాత ఉద్యోగం ఏముంటుందోనని మాకు టెన్షన్‌గా ఉంది. మందుల కంపెనీలకు పనికొచ్చే టాపిక్ తీసుకోమని చెప్పాలా?

జవాబు: అలా చెప్పకండి. తను ఎంచుకున్న టాపిక్ కూడా ఆ కంపెనీలకు పనికొచ్చేదే. మందుల తయారీలో వాడే పదార్థాల బరువులో పెద్ద వాటా సాల్వెంట్లదే. వాళ్లు ఇప్పటికే వాడుతున్న 2-మిథైల్ టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే సాల్వెంటును ఫర్ఫ్యూరాల్ అనే రసాయనం నుంచి చేస్తారు. ఆ ఫర్ఫ్యూరాల్ మొక్కజొన్న కండెలు, చెరకు పిప్పి నుంచి వస్తుంది.

మీ అమ్మాయి చేయబోయే పని ఏమిటో కాస్త వివరంగా చెబుతాను. గడ్డిలోనైనా పిప్పిలోనైనా ప్రధానంగా ఉండేవి మూడు: సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, వీటిని జిగురులా పట్టి ఉంచే లిగ్నిన్. తగలబెడితే మూడూ పోతాయి. పాడవకుండా విడదీయగలిగితే సెల్యులోజ్‌తో బట్టల దారం, నానోసెల్యులోజ్ (అతి సన్నని సెల్యులోజ్ పోగులు), లిగ్నిన్‌తో జిగుర్లు, కార్బన్ పదార్థాలు చేయొచ్చు. కష్టమంతా ఆ విడదీయడంలోనే ఉంది. సెల్యులోజ్ నీళ్లలో కరగదు, మామూలు సాల్వెంట్లలోనూ కరగదు.

ఇక్కడే నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా అనిపించే ఒక ప్రయోగం ఉంది. కోళ్ల దాణాలో కలిపే కోలిన్ క్లోరైడ్ 302 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఎరువుగా వేసే యూరియా 133 డిగ్రీల దగ్గర కరుగుతాయి. ఈ రెంటినీ ఒక మోల్ కోలిన్ క్లోరైడ్‌కు రెండు మోల్స్ యూరియా చొప్పున (అంటే బరువు కాదు, అణువుల లెక్కన) కలిపితే 12 డిగ్రీలకే ద్రవంగా మారతాయి. ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ అబాట్ బృందం 2003లో ప్రచురించిన ఫలితం ఇది. ఇలా విడివిడిగా కంటే చాలా తక్కువ వేడికే కరిగే మిశ్రమాలను డీప్ యూటెక్టిక్ సాల్వెంట్లు అంటారు, ఆ శాఖ అలా మొదలైంది. యూరియా బదులు లాక్టిక్ ఆమ్లం లాంటివి కలిపితే లిగ్నిన్‌ను బాగా కరిగించే ద్రవాలు వస్తాయి.

అయితే ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఈ ద్రవాల్లో చాలావరకు తేనెలా చిక్కగా ఉంటాయి, తేలిగ్గా ఆవిరి కావు. ఆవిరి కాకపోవడం వల్ల గాలిని పాడుచేయవు, కానీ ఆ గుణం వల్లే వాడిన సాల్వెంటును శుభ్రం చేసి తిరిగి తీసుకోవడం కష్టమవుతుంది. సెల్యులోజ్‌ను కరిగించి చేసే లయోసెల్ దారం పరిశ్రమ నిలబడిందంటే అందులో వాడే సాల్వెంటును 99 శాతానికి పైగా తిరిగి రాబట్టుకోవడం వల్లే. ‘గ్రీన్’ అన్న పేరును కూడా గుడ్డిగా నమ్మకూడదు. గ్రీన్ సాల్వెంట్లుగా పేరున్న అయానిక్ ద్రవాల్లో (తక్కువ వేడికే ద్రవంగా ఉండే లవణాల్లో) కొన్ని నీటిలోని జీవులకు హాని చేస్తాయి.

కాబట్టి టాపిక్ కంటే ల్యాబ్ ఎంపికే ముఖ్యం. కాబోయే గైడ్‌ను ‘మీ సాల్వెంటును ఎన్నిసార్లు తిరిగి వాడారు? ప్రతిసారీ ఎంత నష్టపోయింది?’ అని మీ అమ్మాయిని అడగమనండి. సూటిగా లెక్క చెప్పగలిగితే చేరవచ్చు. కొత్త మిశ్రమం, కొన్ని ఫొటోలు, ఒక పేపర్ అనే పద్ధతిలో నడిచే ల్యాబ్ అయితే నేను వద్దంటాను. అక్కడ డిగ్రీ వస్తుంది గానీ పరిశ్రమ అడిగే పని చేతికి రాదు.

ఆ పని అంటే హెచ్‌పీఎల్‌సీ, ఎన్‌ఎంఆర్ లాంటి, పదార్థంలో ఏముందో తేల్చే యంత్రాలు నడపడం ఒక్కటే కాదు. వేసిన ప్రతి గ్రాము ఎటు పోయిందో చూపే మాస్ బ్యాలెన్స్, ఫిల్టరేషన్, డిస్టిలేషన్, ఖర్చు అంచనా, తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణంపై పడే ప్రభావాన్ని లెక్కగట్టే లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ కూడా రావాలి. కెమిస్ట్రీ వాళ్లు ఎక్కువగా వెనకబడేది వీటిలోనే, అందుకే మొదటి ఏడాదే కెమికల్ ఇంజినీరింగ్ కోర్సులు ఒకటి రెండు తీసుకోమనండి. ఇవి వచ్చినవాళ్లు కాగితం, దారం, సుగంధద్రవ్యాలు, సౌందర్య సాధనాలు, మందుల తయారీ, వీటిలో ఎటైనా వెళ్లగలరు. అప్పుడు ఊక మీద పని చేశారా ఇంకో దాని మీద చేశారా అన్నది ఎవరూ పట్టించుకోరు.

ఒక్క సంగతి మాత్రం తననే తేల్చుకోనివ్వండి. పంట వ్యర్థం ప్రతిసారీ ఒకేలా ఉండదు. నేల, తేమ, నిల్వ మారితే నిన్నటి ఫలితం ఇవాళ రాదు. నెలల తరబడి అదే ప్రయోగం మళ్లీ మళ్లీ చేయాలి. చేరేముందు ఆ ల్యాబ్‌లో ఒక ప్రాజెక్టు చేసి చూడమనండి.