మాటకు జవాబు చెప్పకుండా మనిషి మీదికొస్తే

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. నాకు 36 ఏళ్లు, తిరుపతిలో ఉద్యోగం. పిల్లలు లేరు. ఉమ్మడిగా ఉన్న రెండెకరాల తోతాపురి మామిడి తోట కొట్టేసి ప్లాట్లు వేద్దామని మా బావగారు పట్టుబట్టారు. ఐదేళ్ల జమాఖర్చు రాసి చూపించి, వద్దన్నాను. 'పిల్లాజెల్లా లేనిదానివి, నీకెందుకు తోట? వితండవాదం చేయొద్దు' అన్నారు. మా ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. కాగితం మడిచి చింతపండు చాట కింద పెట్టేశాను. కోపం ఆగక 'ఇంటర్ తప్పినాయనకు లెక్కలేం తెలుస్తాయి' అని కూడా అనేశాను. అప్పట్నుంచి ఇంట్లో మాటల్లేవు, నాకు నిద్ర పట్టడం లేదు. తప్పు నాదేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితాన్ని చాట కింద నుంచి తీయండి. అందులో ఒక్క అంకె కూడా తప్పని ఎవరూ చూపించలేదు.

మీకు నలుగురు పిల్లలున్నా తోట ఖర్చు అంతే, రాబడి అంతే. లెక్కకు సంబంధం లేని బాధను తవ్వి మీ నోరు మూయించారు. చెప్పిన విషయాన్ని వదిలేసి చెప్పిన మనిషి మీదికి పోవడాన్ని తర్కంలో ఆడ్ హోమినెమ్ అంటారు, అది లాటిన్ మాట. మన గౌతమ మహర్షి రాసిన తర్కగ్రంథం న్యాయసూత్రాల్లో వాదం, జల్పం, వితండ అని మూడు చెప్పారు. నిజం తేలాలని మాట్లాడుకునేది వాదం. గెలవాలని చేసేది జల్పం. తన పక్షమేదీ నిలబెట్టకుండా ఎదుటివారి మాటను కొట్టేయడమే పనిగా పెట్టుకునేది వితండ. మీరు మీ పక్షాన్ని లెక్కతో సహా పెట్టారు. అది వితండవాదం ఎలా అవుతుందమ్మా?

అయితే మీరన్న ఇంటర్ మాట కూడా అదే తప్పు. ఆయన ఇంటర్ తప్పడానికీ, తోట కొట్టేయాలా వద్దా అన్నదానికీ ఏం సంబంధం? 2025లో తోతాపురికి కిలో 12 రూపాయలని ధర కడితే, అందులో 4 రూపాయలు ప్రభుత్వం తన చేతి నుంచి వేయాల్సి వచ్చింది. ఆ సీజన్ చూసిన రైతు తోటంటే విసిగిపోవడంలో వింత లేదు. 'నువ్వు మందు కొట్టించావా, కాయ కోయించావా' అని ఆయన అడిగితే మాత్రం అది దాడి కాదు. అనుభవం గురించిన ప్రశ్న, జవాబు చెప్పాలి. ప్లాట్లు వేసేవాళ్ల దగ్గర ఆయనకు కమీషన్ ఏమైనా ఉందా అని మీరడిగినా అంతే. మర్యాదగా అడగవచ్చు. ఉందని తేలినా అమ్మకం తప్పని దాంతోనే రుజువైపోదు, మళ్లీ లెక్కే చూడాలి.

మన తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు ఎదురైనవాళ్లను బూతులు తిడతారు. ఎవరూ మనసులో పెట్టుకోరు, వేషంతోటే ఆ తిట్టూ పోతుంది. ఇంట్లో అన్న మాట అట్లా పోదు. మీకు నిద్ర పట్టకపోవడం సహజం.

మీ ఆయనతో విడిగా మాట్లాడండి. తోట సంగతి తర్వాత. పిల్లల మాట ఎత్తినప్పుడు 'అన్నా, ఆ మాట వద్దు' అని ఆయన అనాలి, అది మీరు అనాల్సింది కాదు. నాకు ఎక్కువ బాధనిపించింది ఆ ఫోన్ దగ్గరే.

మళ్లీ కూర్చున్నప్పుడు బావగారు పాత పాట ఎత్తితే, 'నా సంగతి పక్కన పెట్టండి బావా, ఈ లెక్కలో తప్పెక్కడుందో చెప్పండి' అని ఆపండి. గొంతు పెంచొద్దు. ఆ రోజు కాగితం తీసే ముందే, ఇంటర్ మాటకు ఆయనకు సారీ చెప్పండి.