పార్కింగ్ గేమ్ ఎందుకు వదలడం లేదంటే

తమ్ముడూ, కార్ పార్కింగ్ గేమ్ డిలీట్ చేసినా రెండో రోజే మళ్లీ వేసుకుంటున్నానని, రాత్రి ఒంటి గంట దాకా ఆడి పొద్దున మియాపూర్ మెట్రోలో కునికిపాట్లు పడుతున్నానని రాశావు. నీ మనసు బలహీనమని అనుకోకు. నేనూ ఇందులో ఆరు నెలలు ఇరుక్కున్నాను.

ఓడిపోయే క్షణాన్ని ఒకసారి గమనించు. రివర్స్‌లో కారు గీతల మధ్యకి దాదాపు వచ్చేస్తుంది, ఆఖర్న వెనక బంపర్ కోన్‌కి తగులుతుంది. చిత్తుగా ఓడితే వదిలేస్తాం. జానెడు దూరంలో పోతే వదలలేం. పైగా 'మళ్లీ ఆడు' బటన్ అప్పటికే బొటనవేలి కింద ఉంటుంది. సగంలో ఆగిన పని మనసులో ఎక్కువగా మెదులుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లోనే రాసింది. ఇక అమీర్‌పేట సందుల్లో బండి పెట్టడానికి నాలుగు చుట్లు తిరిగొచ్చినవాడికి, ఫోన్లో ఖాళీ జాగా కనిపిస్తే ఎంత హాయో చెప్పక్కర్లేదు.

డిలీట్ చేయకు. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌కి వెళ్లి ఆ గేమ్‌కి 20 నిమిషాల టైమర్ పెట్టు. ఒక చిక్కుంది: ఆ టైమర్ అర్ధరాత్రికి మళ్లీ మొదటికొస్తుంది, నువ్వు ఆడేదీ అప్పుడే. అందుకని పది దాటగానే ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టేయ్, లేవడానికి మామూలు అలారం గడియారం కొనుక్కో. గేమ్ నోటిఫికేషన్లు ఆపేయ్. లెవెల్ పూర్తయ్యాకే ఆపు. మధ్యలో ఆపితే అదే కళ్ల ముందు తిరుగుతుంది.

మొదటి నాలుగు రాత్రులు చెయ్యి ఫోన్ కోసం వెతుకుతుంది. ఐదో రోజు ఎలా ఉందో తప్పకుండా రాయి.