తమ్ముడికి, ఆపరేషన్‌కు ముందు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

వచ్చే నెలలో ప్రోస్టేట్ గ్రంథిని తీయించుకుంటున్నావని మరదలు ఫోనులో చెప్పింది. భయం వేసింది. కానీ క్యాన్సరని తెలిసిన రోజునే ఇంట్లో చెప్పావని విని గర్వపడ్డాను. ఎనిమిదేళ్ల కిందట నాకు ఆ ధైర్యం లేకపోయింది.

మూత్రాన్ని పట్టి ఉంచే కండరాల వ్యాయామం ఈరోజే మొదలుపెట్టు. అపానవాయువును ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించి, ఊపిరి మాత్రం బిగపట్టకుండా, పది లెక్కపెట్టి, మళ్లీ అంతసేపు వదులు చేయాలి; ఇలా పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు. ఆపరేషన్‌లో పెట్టే మూత్రపు గొట్టం ఉన్నన్నాళ్లు చేయకు. అది తీశాక దగ్గినా, లేచినా మూత్రం కారుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో, కొందరికి ఏడాదికి అదుపులోకి వస్తుంది. మలబద్ధకం రానీయకు.

నేను చేసిన తప్పు ఇంతవరకు నీకు చెప్పలేదు. గొట్టం తీసిన రెండో వారంలోనే మన మేనకోడలి పెళ్లి. బస్సులో తడుస్తానేమోనన్న సిగ్గుతో ముందురోజు నుంచే నీళ్లు మానేశాను. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని మరింత రేపుతుందని తెలియదు. తలంబ్రాల వేళకు పంచె తడిసింది. ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను. భోజనాల దగ్గర నువ్వు నాకోసం వెతికావట. ఆ రాత్రే మంచం వసారాలోకి మార్చుకున్నాను. అంగస్తంభన లేదన్న దిగులు అప్పటికే లోపల తొలిచేస్తోంది, మీ వదినతో మాత్రం ఒక్క మాటా అనలేదు. తనవల్ల ఏదో తప్పు జరిగిందనుకుని ఆమె పదకొండు నెలలు కుమిలిపోయింది. చివరకు తానే నా వెంట డాక్టరు గదిలోకి వచ్చి, నేను అడగలేనివన్నీ అడిగింది. అంగస్తంభనకు తోడ్పడే నరాలను ఆపరేషన్‌లో కాపాడినా అవి కోలుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టవచ్చని, వీర్యం రాకపోయినా సుఖానుభూతి ఉంటుందని, మాత్రలు, వాక్యూమ్ పంపు, ఇంజెక్షను వంటి దారులున్నాయని అప్పుడు తెలిసింది.

ఆ నరాలను కాపాడే పద్ధతిలో సర్జన్ ప్యాట్రిక్ వాల్ష్ 1982లో అమెరికాలో తొలి ఆపరేషన్ చేశారు. నీ గడ్డ ఉన్నచోటును బట్టి రెండు పక్కలా నరాలను ఉంచగలరా అని సర్జన్‌ను ముందే అడుగు.

నన్ను నిద్రపోనివ్వని భయం ఒకటుంది. గుండె కోసం నువ్వు నైట్రేట్ మాత్రలు వాడుతున్నావు. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్, టడలాఫిల్ వంటి మాత్రలు వాటితో కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మందుల షాపులో అడిగి కొన్నావని తెలిస్తే ఊరుకోను, ఇంత వయసొచ్చిందని కూడా చూడను. గుండె డాక్టరుకు చెప్పకుండా ఏదీ ముట్టుకోకు నాయనా.

గొట్టం తీసే రోజుకు వదినా నేనూ వస్తాం. ప్యాడ్లు, పాత లుంగీలు నాలుగు తెస్తాం. ఈ ఉత్తరం మరదలికి చదివి వినిపించు. నోరు రాకపోతే ఆమె చేతికిచ్చి పక్కన కూర్చో.

మీ అన్నయ్య