రెండుసార్లు వచ్చే 1:30: తేడా సున్నా ఎందుకు వస్తోంది?

న్యూయార్క్ టైమ్‌జోన్‌లో 2024 నవంబరు 3న వేసవి సమయం ముగిసి గడియారాన్ని గంట వెనక్కి తిప్పడంతో, తెల్లవారుజామున 1:30 రెండుసార్లు వచ్చింది. అందులో ఏది మొదటిదో, ఏది రెండవదో చెప్పే గుర్తే ఫోల్డ్. ఆ 1:30ని ఒకసారి ఫోల్డ్ 0 (మొదటిది)తోనూ, మరోసారి ఫోల్డ్ 1 (రెండవది)తోనూ తీసుకుని పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో తీసివేస్తే, గంటకు బదులు సున్నా వస్తోందని మీరు రాశారు. మీరు ఫోల్డ్‌ను సరిగానే వాడారు. అయితే రెండు విలువలకూ ఒకే టైమ్‌జోన్ ఆబ్జెక్టు ఉన్నప్పుడు, పైథాన్ యూటీసీతో (ప్రపంచ ప్రామాణిక సమయంతో) ఉన్న తేడాను లెక్కలోకి తీసుకోకుండా గడియారపు అంకెలను మాత్రమే తీసివేస్తుంది; ఆ అంకెలు రెండింటిలోనూ ఒకటే కదా. కాబట్టి ముందుగా రెండింటినీ యూటీసీలోకి మార్చండి. మొదటిది 5:30గా, రెండవది 6:30గా మారి, మీరు ఆశించిన గంట తేడా కనిపిస్తుంది.

నన్ను ఇంతకన్నా ఎక్కువగా కలవరపెట్టేది అసలు లేని సమయం. అదే ఏడాది మార్చి 10న అక్కడ గడియారాన్ని 2 నుంచి 3కి ముందుకు తిప్పడంతో తెల్లవారుజామున 2:30 అన్నదే రాలేదు, అయినా పైథాన్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా దానిని స్వీకరిస్తుంది. యూటీసీలోకి మార్చి తిరిగి స్థానిక సమయానికి తెచ్చినప్పుడు, ఫోల్డ్ 0 అయితే, 3:30 వస్తుంది. ఇలా మొదటి విలువ తిరిగి రాకపోవడాన్నే మీ పరీక్షలో గుర్తుగా పెట్టుకోండి. గడియారపు మార్పు ఎప్పుడూ గంటే ఉంటుందని మాత్రం కోడ్‌లో రాయవద్దు, ఎందుకంటే ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హోవ్ ద్వీపంలో గడియారం అరగంటే జరుగుతుంది.